ఎముకలు, ఊళ్లు, క్రెడిట్లు: ఆంత్రోపాలజీ డిగ్రీలో ఏముండాలి?

తెలుగునాట ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) అన్న పేరు డిగ్రీ కాలేజీల్లో కన్నా హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదే ఎక్కువగా కనిపిస్తుంది. సివిల్స్ మెయిన్స్‌లో అదొక ఆప్షనల్. పేపరుకు 250 చొప్పున రెండు పేపర్లు, 500 మార్కులు. సిలబస్ చిన్నదనీ, బొమ్మలు గీస్తే మార్కులు పడతాయనీ, సైన్సు చదివినవాళ్లకు తొందరగా పట్టుబడుతుందనీ పేరు. 2017 సివిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్ చదివింది ఇంజనీరింగ్, రాసిన ఆప్షనల్ ఆంత్రోపాలజీ. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. కాకపోతే కొన్ని నెలల్లో పరీక్షకు సిద్ధం కాగలిగిన సబ్జెక్టును మూడు నాలుగేళ్లు కూర్చుని డిగ్రీగా చదివేవాళ్లకు అదనంగా దక్కేదేమిటి? మేజర్‌కు ఏవి తప్పనిసరి చేయాలి, మైనర్‌కు ఏ మేరకు సరిపోతుంది అన్న చర్చంతా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది.

నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను. పేపర్ల జాబితాలో పెద్ద తేడా లేదు. కోచింగ్ నోట్సులో ఉన్న మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీయే క్లాసు నోట్సులోనూ ఉంటాడు. తేడా అంతా విద్యార్థి చేతికి ఎముకను, కొలతలు తీసే కాలిపర్‌ను ఇచ్చే గంటల్లో, అతన్ని ఊరికి పంపి అక్కడ ఉండనిచ్చే రోజుల్లో ఉంది. క్రెడిట్ల సర్దుబాటు మొదలైనప్పుడు ముందుగా కోతపడేదీ వాటికే.

మేజర్, మైనర్ అన్న ఏర్పాటు అమెరికాలో స్థిరపడింది కాబట్టి అక్కడి సంగతి ముందు చూద్దాం. సెమిస్టర్ పద్ధతి ఉన్న విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు కావాలి. మేజర్‌కు పోయేవి అందులో మూడో వంతో, ఇంకా తక్కువో. అంటే పది పన్నెండు కోర్సులు. మైనర్‌కు ఐదారు చాలు. మేజర్ ఏమిటో రెండో ఏడాది ముగిసేలోగా ప్రకటించాలి, అప్పటిదాకా నచ్చిన క్లాసులో కూర్చోవచ్చు. మేజర్‌లో మొదటి మెట్టు పరిచయ కోర్సులు. తర్వాత సిద్ధాంతాల చరిత్ర ఒకటి, పరిశోధన పద్ధతులు ఒకటి, ఇష్టమైనవి కొన్ని, చివర్లో థీసిస్ గానీ సెమినార్ గానీ. మేజర్ కోర్సులో సి గ్రేడు కన్నా తగ్గితే లెక్కలోకి రాదనీ, ఒకే కోర్సును మేజర్‌కూ మైనర్‌కూ రెండు చోట్లా చూపించడానికి పరిమితి ఉందనీ నిబంధనలు. ఇవి ఆఫీసు వ్యవహారాలు, ఏ సబ్జెక్టుకైనా ఒకటే.

ఆంత్రోపాలజీకి ప్రత్యేకమైనది ఆ మొదటి మెట్టు. అక్కడి చాలా శాఖల్లో పరిచయ కోర్సు ఒకటి కాదు, మూడో నాలుగో ఉంటాయి. మనిషి శరీరం, పరిణామం గురించి ఒకటి. తవ్వకాల్లో దొరికే గతం గురించి ఒకటి. ఇప్పుడు బతుకుతున్న సమాజాల గురించి ఒకటి. భాష గురించి మరొకటి. జీవశాస్త్రం నచ్చి వచ్చిన పిల్లవాడు పెళ్లి ఆచారాలు చదవాలి, కథలు నచ్చి వచ్చిన అమ్మాయి తుంటి ఎముక చూసి ఆడా మగా చెప్పాలి. ఈ నాలుగు కాళ్ల పద్ధతిని నిలబెట్టినవాడు ఫ్రాంజ్ బోయాస్. జర్మనీలో సముద్రపు నీటి రంగు మీద భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, 1883లో బాఫిన్ ద్వీపంలో ఎస్కిమోల మధ్య గడిపి, 1896 నుంచి కొలంబియాలో పాఠాలు చెప్పాడు. అమెరికా ఆదివాసుల భాష, ఎముకలు, పనిముట్లు, ఆచారాలు ఒకే జనానికి సంబంధించినవి. వాటిని నలుగురు పంచుకుని విడివిడిగా చదివితే ఆ జనమే కనబడకుండా పోతారన్నది ఆ పద్ధతి వెనకున్న ఆలోచన.

ఆ పద్ధతికి బలమైన సాక్ష్యం బోయాస్ చేసిన పనే. 1908 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వపు వలసల కమిషన్ కోసం ఆయన బృందం న్యూయార్క్‌లో వలస కుటుంబాలవారిని దాదాపు 18 వేల మందిని కొలిచింది. పుర్రె ఆకారం జాతిని బట్టి స్థిరంగా ఉంటుందన్నది అప్పటి నమ్మకం. అమెరికాలో పుట్టిన పిల్లల తలల కొలతలు విదేశంలో పుట్టిన తోబుట్టువుల కొలతలతో కలవడం లేదని ఆయన చూపించాడు. 2002, 2003లలో రెండు బృందాలు అవే లెక్కలు మళ్లీ వేసి చెరో అభిప్రాయానికి వచ్చాయి. ఆ తగువు అలా ఉంచుదాం. కాలిపర్ పట్టుకోవడం రానివాడికి ఆ పని సాధ్యమయ్యేది కాదు, వలస కుటుంబాల బతుకు తెలియనివాడికి ఆ ప్రశ్నే తట్టేది కాదు. మొదటి ఏడాదిలో బలవంతంగానైనా అన్ని శాఖలూ రుచి చూపించాలన్న వాదానికి నేను మొగ్గేది ఇందుకే.

అదే కాలిపర్ మన దేశంలో చేసిన పని వేరు. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, నూటితో హెచ్చించి, వచ్చిన అంకెతో కులాల అంతస్తు చెప్పబోయాడు. మద్రాసు మ్యూజియం నుంచి ఎడ్గర్ థర్‌స్టన్ కూడా దక్షిణాది జనాన్ని కొలిచాడు. ఆయన, కె. రంగాచారి కలిసి కూర్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం 1909లో ఏడు సంపుటాలుగా వచ్చింది. ముక్కు సూచిక లెక్కగట్టడం నేటికీ మన ప్రాక్టికల్స్‌లో ఉంది. కొలవడం నేర్పిన రోజే ఆ కొలత దేనికి వాడారో కూడా నేర్పాలి. రెండోది లేకుండా మొదటిదే నేర్పితే ల్యాబ్ రికార్డు నిండుతుంది, అంతకన్నా ఏమీ జరగదు.

మళ్లీ అమెరికా. ఆ నాలుగు కాళ్లు ఎంతోకాలం కలిసి నడవలేదు. స్టాన్‌ఫర్డ్‌లో 1998లో శాఖ రెండుగా చీలింది. సైన్సు వైపువాళ్లు ఒక శాఖ, సమాజం సంస్కృతి వైపువాళ్లు ఒక శాఖ. 2007లో మళ్లీ కలిపారు. హార్వర్డ్‌లో మానవ పరిణామ జీవశాస్త్రం 2009లో విడిగా వెళ్లిపోయింది. డ్యూక్‌లో పరిణామ మానవశాస్త్రానికి, సాంస్కృతిక మానవశాస్త్రానికి వేర్వేరు శాఖలున్నాయి. 2010లో అమెరికన్ ఆంత్రోపాలజికల్ అసోసియేషన్ తన దీర్ఘకాలిక ప్రణాళికలో ‘సైన్స్’ అన్న మాట తీసేసినప్పుడు పెద్ద గొడవే అయింది. పెద్దల తగువుల ఫలితం పిల్లల కోర్సు పట్టికలో తేలుతుంది. ఒకచోట డిగ్రీ చేసినవాడు ఎముక ముట్టకుండానే బయటికి వస్తాడు, ఇంకోచోట చేసినవాడు ఒక్క ఇంటి గడప తొక్కకుండానే వస్తాడు. ఇద్దరి పట్టా మీదా ఆంత్రోపాలజీ అనే ఉంటుంది.

ఎముకల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అమెరికా క్లాసుల్లో తరాల తరబడి పిల్లలు పట్టుకుని నేర్చుకున్న అస్థిపంజరాల్లో చాలా భాగం కలకత్తా వర్తకుల ద్వారా వెళ్లినవి. 1985లో మన ప్రభుత్వం మానవ ఎముకల ఎగుమతిని నిషేధించాక ఆ దారి మూసుకుపోయింది. అమెరికా ఆదివాసుల అవశేషాలను వారసులకు తిరిగి ఇవ్వాలని 1990లో చట్టం వచ్చింది. వాటిని ప్రదర్శించాలన్నా, పరిశోధించాలన్నా ఆ తెగల అనుమతి ముందే తీసుకోవాలని 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. దాంతో ఎముకల కోర్సు ప్లాస్టిక్ నమూనాల మీదికి మళ్లుతోంది. నేర్చుకునేది కొంత తగ్గుతుంది, నిజమే. పుర్రె మీది అతుకుల గరుకు, పళ్ల అరుగుదల నమూనాలో సరిగా తెలియవు. అయినా బల్ల మీదున్నది ఎవరిది అని అడగకుండా వందేళ్లు గడిపిన శాస్త్రం ఆ మాత్రం నష్టం భరించవచ్చు.

మన దేశంలో ఈ చదువుకు వందేళ్లు దాటాయి. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1920లో శాఖ ఏర్పడింది. వెనకున్నది అశుతోష్ ముఖర్జీ, తొలి అధ్యాపకుల్లో కేరళ నుంచి వెళ్లిన ఎల్.కె. అనంతకృష్ణ అయ్యర్ ఒకరు. మన దగ్గర కాళ్లు మూడే: శరీరం, సమాజం, పూర్వచరిత్ర. భాషను భాషాశాస్త్రం వాళ్లకు వదిలేశారు. ఇన్ని భాషల దేశంలో ఆ కాలు లేకపోవడం పెద్ద లోటని నా ఫిర్యాదు, కానీ దాని గురించి ఎవరూ గొడవపడినట్టు కనిపించదు.

2015లో యూజీసీ ఛాయిస్ బేస్డ్ పద్ధతి తెచ్చినప్పుడు ఆనర్స్‌కు 14 కోర్ పేపర్లు రాసింది. ఒక్కోదానికి నాలుగు క్రెడిట్ల పాఠం, రెండు క్రెడిట్ల ప్రాక్టికల్. మొత్తం 84 క్రెడిట్లు. పేపర్ల పేర్లు చూస్తే మొగ్గు ఎటో తెలుస్తుంది. జీవ మానవశాస్త్ర పరిచయం, మానవ పరిణామం, జనసమూహాల్లో వైవిధ్యం, ఎదుగుదల, జన్యుశాస్త్రం, ఫోరెన్సిక్ అని ఆరు పేపర్లు శరీరం వైపే ఉన్నాయి. పురావస్తువు వైపు పూర్తిగా ఉన్నది ఒక్కటి. కర్నూలు ప్రాంతంలో బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1880లలోనే తవ్వించాడు. అదే ప్రాంతంలోని జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికి, 2007లో ప్రపంచమంతా చర్చ నడిచింది. అలాంటి నేల ఉన్న చోట ఒక్క పేపరుతో సరిపెట్టడం చిన్న లోపం కాదు.

ఇంకో చిక్కు. ఈ సబ్జెక్టు సైన్సా, ఆర్ట్సా? ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శాఖ సైన్స్ ఫ్యాకల్టీలో ఉంది, బీఎస్సీ ఆనర్స్‌కు ఇంటర్లో బైపీసీ చదివి ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో శాఖ స్కూల్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో ఉంది, ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏగా చదవవచ్చు. ఇగ్నో దూరవిద్యలో ఆనర్స్ ఇస్తోంది. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నామన్న దాన్ని బట్టి ఒకే చదువుకు ఒకచోట తలుపు తెరుచుకుంటుంది, ఇంకోచోట మూసుకుంటుంది. సీఈసీ చదివిన అమ్మాయి రక్తం గ్రూపులు కనుక్కోవడం నేర్చుకోలేదనుకోవడంలో నాకైతే అర్థం కనబడదు.

ఇప్పుడు జాతీయ విద్యావిధానం వచ్చింది. 2022 డిసెంబర్ యూజీసీ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మేజర్‌కు కనీసం 60 లేదా 80. మైనర్‌కు 24 లేదా 32. మిగిలినవి భాషలకు, నైపుణ్యాలకు, విలువల కోర్సులకు, ఇంటర్న్‌షిప్‌కు. పాత ఆనర్స్‌లో 84 ఉన్నవి ఇప్పుడు మూడేళ్లకు 60. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీ కాలేజీలు మూడు సబ్జెక్టుల పాత పద్ధతి వదిలి ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అన్న పద్ధతిలోకి మారాయి. హెచ్‌ఈపీ, బీజెడ్‌సీ అంటూ మూడింటిని ఒక కట్టగా చదివిన తరాలకు ఇది పెద్ద మార్పే. ఆంత్రోపాలజీ లాంటి చిన్న సబ్జెక్టుకు మాత్రం ఇది అవకాశం. మేజర్‌గా తీసుకునేంత ధైర్యం లేనివాడు మైనర్‌గా తీసుకుంటాడు. సోషియాలజీ, చరిత్ర, జువాలజీ, తెలుగు సాహిత్యం, దేని పక్కనైనా ఇది ఇమిడిపోతుంది. పాఠం చెప్పే మనిషి కాలేజీలో ఉండాలి, అంతే. అక్కడే ఆగిపోతోంది.

ఈ లెక్కల్లో ఒక చిన్న వివరం ఉంది. క్లాసు పాఠానికి 15 గంటలకు ఒక క్రెడిట్. ల్యాబ్‌కు, ఫీల్డ్‌వర్క్‌కు 30 గంటలకు ఒక క్రెడిట్. ఊళ్లో గడిపిన గంట క్లాసులో కూర్చున్న గంటలో సగం విలువ చేస్తుందన్నమాట. కాలేజీ వైపు నుంచి చూస్తే బస్సు, బస, వెంట ఒక అధ్యాపకుడు, ఇన్ని ఖర్చులు పెట్టి సగం క్రెడిట్లు సంపాదించడం నష్టపు బేరమే. అదే క్రెడిట్లకు ఇంకో థియరీ పేపరు పెడితే ఒక నల్లబల్ల చాలు.

అలా పోగొట్టుకునేది ఏమిటో ఒక ఉదాహరణలో చూడండి. బంధుత్వ పటం గీయడం ఆంత్రోపాలజీలో తొలినాళ్ల అభ్యాసం. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ 1898 టోరెస్ జలసంధి యాత్రలో ఈ వంశవృక్ష పద్ధతిని రూపుదిద్దాడు. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్న, పెళ్లికి రెండు అడ్డగీతలు, తోబుట్టువులను కలుపుతూ పైన ఒక గీత, చనిపోయినవాళ్ల మీద ఏటవాలు కొట్టివేత. విద్యార్థి తాతల వరస పైన, తల్లిదండ్రుల వరస మధ్యలో, పిల్లల వరస కింద, రూళ్లపుస్తకం మీద నీటుగా గీయడం మొదలెడతాడు. సొంత మేనమామను చేసుకున్న ఆవిడ ఇంటికి వచ్చేసరికి గీతలు అడ్డం తిరుగుతాయి. ఆవిడ భర్త ఉండాల్సింది తల్లి వరసలో. అమ్మమ్మే అత్తగారు. కన్నతల్లే ఆడపడుచు. పెళ్లి గీత ఒక తరం నుంచి ఇంకో తరానికి ఏటవాలుగా దిగాలి, లేదా మనిషిని రెండు చోట్ల గీసి చుక్కల గీతతో కలపాలి. రబ్బరు పట్టుకుని మూడుసార్లు చెరిపాక తరమంటే వయసు కాదు, పిలుపు అని ఆ కుర్రవాడికి తెలుస్తుంది. లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో అచ్చువేసిన గ్రంథంలో తమిళ, తెలుగు బంధుత్వ వరసలకూ అమెరికాలోని సెనెకా ఆదివాసుల వరసలకూ పోలిక చూపించాడు. చిన్నాన్న పెదనాన్నల పిల్లలు తోబుట్టువులు, మేనత్త మేనమామల పిల్లలు వేరు. థామస్ ట్రౌట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వం మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఇవి క్లాసులో వింటే సమాచారం. పటం గీసి చిక్కుబడ్డాక వింటే వాటి అవసరం తెలుస్తుంది. కోచింగ్‌లో ఈ బొమ్మను పరిష్కరించి చేతికిస్తారు, చిక్కుబడే అవకాశమే ఉండదు.

ఊరికి వెళ్లడం గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ రెండో ప్రపంచయుద్ధంలో శత్రుదేశ పౌరుడిగా హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లలేని స్థితిలో చెంచులను, కొండరెడ్లను, రాజ్‌గోండులను చదివాడు. 1943, 1945, 1948లలో పుస్తకాలు వచ్చాయి. ఆయన, భార్య బెట్టీ ఉన్న మార్లవాయి ఇప్పుడు ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. 1951లో ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేటకు వెళ్లింది. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం విభాగాలవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ పని 1955లో పుస్తకమై దేశదేశాల క్లాసుల్లోకి వెళ్లింది. శామీర్‌పేట అడవి కాదు, తెగ కాదు, నగరానికి దగ్గరి మామూలు ఊరు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది. ఫీల్డ్‌వర్క్ అంటే గిరిజన గూడేనికి వెళ్లడమే అన్న అలవాటు ఆ తర్వాత మనకెలా పట్టుకుందో గాని, బ్యాచి వెనక బ్యాచి అవే లోయలకు వెళ్తుంది, అవే ఇళ్ల ముందు అదే షెడ్యూల్ ఫారం తీస్తుంది. ఎకరాలెన్ని, మేకలెన్ని, మరుగుదొడ్డి ఉందా. అడిగి అడిగి ఆ ఊళ్లవాళ్లు ప్రశ్న కన్నా ముందే జవాబు చెబుతారు. కొన్నిచోట్ల సీనియర్ల రికార్డు చూసి ఎత్తిరాసేవాళ్లూ లేకపోలేదు.

అమెరికాలో చిక్కు ఇంకో రకం. డిగ్రీ కుర్రవాడు పరిశోధన కోసం ఒక మనిషిని నాలుగు ప్రశ్నలడగాలన్నా నైతిక పరిశీలక మండలి అనుమతి కావాల్సి వస్తుంది. కాగితాలు కదిలేసరికి సెమిస్టర్‌లో వారాలు పోతాయి. అందుకని క్లాసు అభ్యాసం కాఫీ షాపులో కూర్చుని మనుషులను గమనించడంతో ముగుస్తుంటుంది. పురావస్తువు వైపు వేసవి ఫీల్డ్ స్కూళ్లున్నాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఎండలో తవ్వాలి, పైగా ఎదురు ఫీజు కట్టాలి. ఆ వేసవిలో పని చేసుకుంటే తప్ప గడవని ఇంటి పిల్లలకు అది దక్కదు. ఇక్కడ కాలేజీకి ఖర్చు, అక్కడ విద్యార్థికి ఖర్చు.

ఉద్యోగాల మాట చెప్పకపోతే మన పాఠకులు ఊరుకోరు. 2011లో ఫ్లోరిడా గవర్నర్ రిక్ స్కాట్ తమ రాష్ట్రానికి ఇంకా ఆంత్రోపాలజిస్టులు అక్కర్లేదన్నాడు. ఆయన కూతురే ఆ సబ్జెక్టులో డిగ్రీ చేసిందని బయటపడి నవ్వులపాలయ్యాడు. నిజానికి అమెరికాలో 1966 చారిత్రక స్థలాల పరిరక్షణ చట్టం పుణ్యమా అని రోడ్డు వేసేముందు నేల పరిశీలించే పని ఒకటుంది. డిగ్రీతో పాటు ఫీల్డ్ స్కూల్ చేసినవాళ్లను తీసుకుంటారు. మెడిసిన్ ప్రవేశ పరీక్షలో 2015 నుంచి సమాజం, ప్రవర్తనల మీద ఒక విభాగం చేరింది కాబట్టి డాక్టరు కాదలచిన పిల్లలు, అందులో అక్కడ పెరిగిన మనవాళ్ల పిల్లలూ, వైద్య మానవశాస్త్రం వైపు చూడటానికి ఒక కారణం దొరికింది. మన దగ్గర 1945లో పుట్టిన ఆంత్రోపాలజికల్ సర్వే, హైదరాబాద్‌లోని గిరిజన పరిశోధన సంస్థ, ఫోరెన్సిక్ ల్యాబులు ఉన్నాయి. అయితే చాలావాటికి పీజీ కావాలి. ఒట్టి డిగ్రీతో తలుపు తీసే చోట్లు తక్కువ, దాచి చెప్పడమెందుకు.

మైనర్ సంగతి తేల్చాలి. అటూ ఇటూ కూడా మైనర్ నిర్మాణం ఒకే తీరు: ఒక పరిచయం, నాలుగైదు ఇష్టపడ్డ కోర్సులు. పద్ధతులు, ల్యాబ్, ఫీల్డ్ మేజర్ వాళ్లకు. నా దృష్టిలో ఇది తలకిందుల ఏర్పాటు. సిద్ధాంతాల చరిత్ర మైనర్ విద్యార్థి తర్వాతెప్పుడైనా పుస్తకంలో చదువుకోగలడు. పటం గీయడం, కొలవడం, ఒక చోట రోజుల తరబడి కూర్చుని రాసుకోవడం తర్వాత నేర్పేవాళ్లు ఉండరు. 24 క్రెడిట్లలో రెండు ఫీల్డ్‌కు కేటాయిస్తే 60 గంటలు వస్తాయి. రోజుకు ఆరు గంటల చొప్పున పది రోజులు. అరకు దాకా పోనక్కర్లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం, ఏ మండలంలోనైనా వారపు సంత, ఆర్టీసీ డిపో, నగరం అంచున ఇటుక బట్టీ, ఇవన్నీ బస్ పాస్ దూరంలోనే ఉన్నాయి. షెడ్యూల్ ఫారం ఇంట్లో పెట్టి ఒట్టి నోటుబుక్కుతో వెళ్లమనాలి. మొదటి రెండు రోజులు ఆదాయం, కులం అడగకూడదన్న ఒక్క నియమం పెడితే సగం మర్యాద అక్కడే నేర్చుకుంటారు.

పట్టా పట్టుకుని విదేశాలకు వెళ్లదలచినవాళ్లు కూడా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఈ గంటలు కనబడేలా చూసుకోవాలి. పీజీ దరఖాస్తు చూసేవాళ్లకు పేపరు పేర్ల కన్నా ఎక్కడ, ఎన్నాళ్లు, ఏ భాషలో పని చేశారన్నది ఎక్కువ చెబుతుంది. తెలుగు వచ్చినవాడు తెలుగు ఊళ్లో చేసిన పనికి అక్కడ విలువ ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఒకే మేజర్ పద్ధతిలో చేరిన తొలి బ్యాచికి 2026తో మూడేళ్లు పూర్తవుతాయి. ఆరు సెమిస్టర్లలో 75 శాతం పైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది రీసెర్చ్‌తో ఆనర్స్ చేయవచ్చని యూజీసీ ఫ్రేమ్‌వర్క్ అంటోంది. దానికి 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఉంది. ఆంత్రోపాలజీలో ఆ పన్నెండు లైబ్రరీలో కూర్చుని రాసినా చెల్లుతాయి, ఊళ్లో ఉండి రాసినా చెల్లుతాయి. ఏది చెల్లాలన్నది సబ్జెక్టు బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో పని, రెగ్యులేషన్‌లో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.